ఎండు చేపల గీత

భీమిలి తీరంలో మా ముత్తాతను ఏడు పడవల తాత అనేవారు. ఆయన గాలి చూసి సరేనంటే తప్ప ఊళ్ళో ఎవరూ వేటకు కదిలేవారు కాదట. మా తాత అండమాన్ ఓడ ఎక్కేనాటికి ఆ ఏడింటిలో ఒక్కటీ మిగల్లేదు. మా నాన్న మళ్ళీ రెండు మోటారు పడవలు సంపాదించి, మిగతా అయిదింటి లోటునూ నా చదువు పూడుస్తుందని నమ్మాడు. ఓడ వస్తేనే పేపరు వచ్చే ఆ రోజుల్లో, అండమాన్‌లో మేముండే డాలీగంజ్‌లో పోస్టు ద్వారా అర్థశాస్త్రం చదువుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది రంగత్ వ్యాపారి ఒకాయన మా పెద్ద పడవను కొంటానని అడిగి, నెలాఖరు శుక్రవారం వచ్చి జవాబు తీసుకుంటానన్నాడు. నాన్నకు మాత్రం మూడో పడవ కట్టించాలని ఉంది. గిరాకీ ఉంటే మూడూ మమ్మల్ని మళ్ళీ పెద్దింటివాళ్ళను చేస్తాయి. గిరాకీ పడిపోతే డీజిలూ మనుషుల కూలీ మోయలేక అన్నీ పోతాయి. "నువ్వే సెప్పాల్రా, సదూకున్నోడివి" అన్నాడు నాన్న. మాంద్యాన్ని ముందుగా పసిగట్టే సూచికల పాఠం నేను అప్పుడే పూర్తిచేశాను. గోడకు గ్రాఫు కాగితం అంటించాను. రెండు వారాలు పాతబడిన పేపర్లలోని అంకెలన్నీ ఎక్కించాను. స్థానిక సూచికగా ఎండు చేపల బస్తాలను ఎంచుకున్నాను, ఎందుకంటే పక్కింటి కొట్లోంచి ఎన్ని వెళ్తున్నాయో మా వరండాలోంచే కనిపించేది. (ఏడు పడవల తాత మునిమనవడు బజారులో గంపల మధ్య నిలబడతాడా?) ఆ గీత వారం వారం పైకి లేచింది. "అమ్మకాలు పెరుగుతున్నాయి నాన్నా, మూడోది కట్టించు" అని తీర్పు చెప్పేశాను.

అప్పుడే మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క, లంబాలైన్ కాలనీలో ఇంటింటికీ తిరిగి చేపలమ్మేది. గంప దించి గోడకేసి చూసింది.

"ఏట్రా ఇది, కొండెక్కుతోంది?"

"ఎండు చేపల అమ్మకం అత్తా. జనం చేతిలో డబ్బు ఆడుతోంది."

అత్త స్తంభం పట్టుకుని నవ్వింది. "ఓరి నా బాబూ! పచ్చి సేప కొనలేనోడే ఎండు సేప కొంటాడురా. నీ గీత పైకెల్లిందంటే జనం కిందకి దిగిపోతన్నట్టు."

"పుస్తకంలో అలా లేదు."

"పుస్తకం బజార్‌కెల్లిందేటి? రేపు నా ఎనకాల రా."

మర్నాడు ఇస్త్రీ చొక్కాతో, గొడుగుతో, ఆమెతో సంబంధం లేనట్టు పదడుగులు వెనక నడిచాను. మొదటి ఇల్లు కలప మిల్లు మేస్త్రీది. ఎప్పుడూ ఖరీదైన కోనెం చేప నిండుగా కొని, తలకాయ పిల్లికి వేసే ఇల్లాలు, ఆ రోజు "దీదీ, ఆజ్ ఆధా దేనా" అంటూ సగమే అడిగింది. ఆగి, మెల్లగా, "సర్ భీ డాల్ దేనా" అంది. అత్త తలకాయ కూడా వేసి, "భయ్యాకా ఓవర్‌టైమ్ బంద్ హై క్యా?" అని అంతకన్నా మెల్లగా అడిగింది. ఆమె తలూపింది. రెండో ఇంట్లో కోనెం మాని చవకరకం కవ్వలు తీసుకున్నారు. మూడో ఇంట్లో కవ్వలు కూడా వద్దని, ఎండువి ఉన్నాయా అన్నారు.

"ముందు ఓవర్‌టైమ్ ఆగుతాది, తరవాత కోనెం, ఆ తరవాత మిల్లు షిఫ్టు. అవన్నీ అయినాక నీ పేపర్లో పడి ఓడెక్కి వత్తాది" అంది అత్త, గంప ఎత్తుకుంటూ. గంపను తలకెత్తడానికి చెయ్యి వేశాను. పదడుగుల దూరం ఎప్పుడు తగ్గిందో నాకే తెలియదు.

ఇంటికొచ్చి, "గీత సరిగ్గానే ఉంది నాన్నా, నేనే తలకిందులుగా చదివాను" అన్నాను. ఆ ఒక్క వాక్యం పరీక్ష కన్నా కష్టమైంది. నాన్న నా వెనకే వచ్చిన అక్క వైపు తిరిగాడు. "అప్పా, నువ్వేటంతావు?" అన్నాడు.

"ధందా ఠండా అయిపోతోంది తమ్ముడూ, బేరాల్లేవు. అడిగినోడు ఉండగానే ఇచ్చేయ్. సిన్నదుంచుకో, బతుకుతాం."

వానలకు ముందే మిల్లు ఒక షిఫ్టు ఆపేసింది. కొత్త పడవలు కట్టించినవాళ్ళవి ఇసుక మీద బోర్లాపడి ఉంటే, మా చిన్న పడవ రోజూ వేటకు వెళ్ళింది. "మాంద్యం సూచనలు" అని రాసిన పేపరు ఓడ దిగేసరికి, అత్త దాంట్లో ఎండు చేపలు చుట్టి ఇచ్చేస్తోంది. తర్వాత ఉద్యోగంలో ఎన్నో పట్టికలు చూశాను. ఆ గంప కన్నా ముందుగా చెప్పింది ఒక్కటీ లేదు. గొడుగు పట్టుకుని వెనక నడిచిన ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది.

పెద్ద పడవను ఆ శుక్రవారమే, ఇంజనుతో, లంగరుతో సహా, రంగత్ వ్యాపారికి అమ్మేశాం.