బాణలి దగ్గర ముక్కాలిపీట

మర్గిలాన్‌లో నన్నెరగని మనిషి ఉన్నాడంటే, వాడికింకా పెళ్లి భోజనానికి వెళ్లే వయసు రాలేదన్నమాట. నా పేరు ఖంబరాలి. నలభై ఏళ్లుగా పెళ్లిళ్లకీ, సున్తీ విందులకీ, చావు భోజనాలకీ పలావు వండుతున్నాను. నా బాణలిలో ఒక వాయికి అరవై కిలోల బియ్యం పడతాయి. ఊళ్లో అందరూ నన్ను ‘ఉస్తా’ అంటారు, గురువుగారూ అన్నట్టు. గొప్పలు చెప్పుకుంటున్నానని మీకనిపిస్తే సరిగ్గానే అనిపించింది. ఆ విద్యలో నా తరవాతే ఎవరైనా. ఆ గొప్పలే చివరికి ప్రాణం మీదికి తెచ్చాయి. నా ఒక్కడి ప్రాణమే అయితే ఈ సంగతి మీకు చెప్పేవాణ్ణి కాదు.

నాకు ముప్పై ఏళ్లప్పుడు నా కింద నలుగురు పనివాళ్లుండేవాళ్లు. అన్నానికి దమ్ పెట్టడం ఆలస్యం, టీ గిన్నెలు ముందేసుకుని చతికిలబడేవాళ్లు. తిడితే దులిపేసుకునేవాళ్లు. ఒకరోజు ఒళ్లు మండి నోటికొచ్చింది అనేశాను: “ఉస్తా కూర్చుంటే అన్నం ముద్దవుతుందిరా! బాణలి తెరిచేదాకా ఎవడూ కూర్చోకూడదు. ఇది మా గురువు మాట!”

మా గురువు అలాంటి మాట ఏనాడూ అనలేదు. పాపం ఆయన సగం వంట బల్ల మీద పడుకునే చేయించేవాడు. కానీ మాట బాగా పేలింది. పక్క వీధి వంటవాళ్లు అందుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి ఒక గడ్డపు పెద్దాయన ఎవరి పెళ్లిలోనో నన్ను పక్కకి పిలిచి, “నాయనా, మన తాతల నాటి మాట ఒకటుంది, ఉస్తా కూర్చుంటే అన్నం ముద్దవుతుందని” అంటూ నాకే బోధించాడు. “అవునవును, తాతలు ఊరికే అంటారా” అన్నాను. ఇక నేనెక్కడ కూర్చునేది? తాతల్ని నేనే పుట్టించాను గనక వాళ్లకి భయపడాల్సిందీ నేనే అయింది.

ఆ మాటని నాకన్నా గట్టిగా పట్టుకున్నవాడు యాద్గార్. ఇరవై రెండేళ్లుగా నాకు కుడిచెయ్యి, యాభై దాటినవాడు. క్యారెట్ కోస్తే అగ్గిపుల్లల్లా ఒకే కొలత. బావిలో దూకమంటే ఎంత లోతని కూడా అడగడు. అలాంటివాడు దొరకడం నా అదృష్టమనుకునేవాణ్ణి. నాలాంటివాడు దొరకడం వాడి అదృష్టమా కాదా అని ఎప్పుడూ ఆలోచించలేదు.

పోయిన వసంతంలో నాకు ఛాతీ పట్టేయడం మొదలైంది. బియ్యం బస్తా ఎత్తితే బిగుసుకుంటుంది, ఎడమ దవడదాకా లాగుతుంది, కాసేపు ఆగితే పోతుంది. దుంబా గొర్రె కొవ్వు ఎక్కువ తిన్నాను, అరగలేదనుకున్నాను. నా భార్య సబోహత్ అలా అనుకోలేదు. నా దొప్పి టోపీ నా నెత్తిన పెట్టి, చెయ్యి పట్టుకుని పాలీక్లినిక్‌కి లాక్కుపోయింది. అక్కడి డాక్టర్ మునవ్వర్ పెళ్లికి పలావు వండింది నేనే. ఆ చనువుతో ఆవిడ నన్ను తిట్టడానికి ఏమాత్రం మొహమాటపడలేదు.

“బాబాయ్, గుండెకి రక్తం తీసుకెళ్లే గొట్టాలు సన్నబడ్డాయి. పని పెరిగితే దానికి రక్తం చాలక నొప్పి. రోజూ వేసుకునే మాత్రలు వేరు. ఇదుగో, ఈ స్ప్రే నొప్పి వచ్చినప్పటికి. నొప్పి రాగానే పని ఆపి ముందు కూర్చోవాలి. కూర్చున్నాకే నాలుక పైకెత్తి, దాని కింద ఒక్కసారి నొక్కి నోరు మూసుకోవాలి. పీల్చకూడదు. సీసా ఊపకూడదు.”

“నిలబడి కొట్టుకుంటే?”

“రక్తపోటు టక్కున పడిపోతుంది. దాంతోపాటు మీరూ పడిపోతారు.”

“నేను కూర్చోనమ్మా.”

“ఏం, మోకాళ్లు నొప్పులా?”

“కాదు, అన్నం ముద్దవుతుంది.”

డాక్టరమ్మ నా భార్య వంక చూసింది. నా భార్య పైకప్పు వంక చూసింది.

“సరే, అన్నం భాషలోనే చెప్తాను,” అంది డాక్టరమ్మ. “దమ్ పెట్టాక మధ్యలో మూత తీస్తారా?”

“తీసినవాడి చేతులు విరగ్గొడతాను!”

“ఇదీ అంతే. ఒకసారి కొట్టుకుని అయిదు నిమిషాలు కదలకుండా ఆగండి. తగ్గకపోతే రెండోసారి. మళ్లీ అయిదు నిమిషాలు. అప్పటికీ తగ్గకపోతే అంబులెన్స్ కోసం నూటమూడుకి ఫోన్. నడిచి రావద్దు, బండి నడుపుకుంటూ రావద్దు. ఇంకో మాట, కొత్తలో తలనొప్పి వస్తుంది, దానికి భయపడి మందు మానెయ్యొద్దు. ఇది మీకు రాసిన మందు, ఇంకెవరికీ ఇవ్వొద్దు.”

అన్నిటికీ తలూపాను. తలూపడానికి ఖర్చేముంది?

నెల తిరక్కుండానే ఒక సున్తీ విందులో నొప్పి వచ్చింది. నాకు ఇంకో మంచి అలవాటుంది. మావాళ్లందరికీ ఉన్నదే, నాలుక కింద నాస్ అనే పచ్చ పొగాకు పొడి పెట్టుకోవడం. గోడచాటుకి వెళ్లాను, ఎవరూ చూడకూడదు కదా. నాలుక కింద నాస్ అలాగే ఉంది. సీసాని దోమల మందులా గడగడా ఊపాను. నిలబడే, ఒకటి నొప్పికీ ఇంకొకటి నా హోదాకీ అన్నట్టు వెంటవెంటనే రెండుసార్లు కొట్టి, గట్టిగా పీల్చాను. సగం మందుని నాస్ తాగేసింది, సగం గొంతులో పడి దగ్గొచ్చింది, నాస్ రసం మింగేశాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఛాతీ నొప్పి సంగతేమో గానీ కళ్లు బైర్లు కమ్మి, కోసిపెట్టిన క్యారెట్ కుప్పలో బోర్లా పడ్డాను.

లేపింది యాద్గారే. మొహానికంటుకున్న క్యారెట్ ముక్కలు ఒక్కొక్కటీ ఏరుతూ, “ఏమైంది ఉస్తా?” అన్నాడు కంగారుగా.

“ఏమీ లేదురా. ఉప్పు సరిపోయిందా లేదా చూస్తున్నాను.”

వాడు నమ్మాడు. వాడు తప్ప ఊరంతా ఖంబరాలి తాగి పడిపోయాడంది. నేను కాదనలేదు. జబ్బు మనిషంటే పెళ్లిళ్లకి పిలవరు, తాగుబోతంటే పిలుస్తారు. ఆ రోజు నన్ను లేవదీశాక యాద్గార్ ఎడమ భుజం రుద్దుకోవడం చూశాను. ఏంట్రా అంటే, “నలభై కిలోలు కోశాను కదా ఉస్తా, పట్టేసింది” అన్నాడు. సరే, వెళ్లి కట్టెలు సర్దమన్నాను.

డాక్టరమ్మకి సబోహత్ అంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. నాస్ మానేయమని, మానలేని వెధవనైతే కనీసం ఉమ్మేసి నోరు పుక్కిలించాకే కొట్టుకోమని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. వెధవ అనలేదు లెండి, ఆ మాట మొహంలో కనపడింది. స్ప్రే ఎక్కడ పెడుతున్నారని అడిగింది. పొయ్యి అరుగు మీద, ఉప్పు డబ్బా పక్కన అన్నాను. తల పట్టుకుంది.

“నిప్పు దగ్గరా! బాబాయ్, మిమ్మల్ని బతికించడం నావల్ల అయ్యేలా లేదు.”

ఇంటికొచ్చాక సబోహత్ నా నడుముగుడ్డకి లోపలివైపు జేబు కుట్టింది. అంతటితో ఊరుకోలేదు. ఇంట్లో ఉన్న చిన్న ముక్కాలిపీట వంటసామాన్ల బండిలో ఎక్కించడం మొదలుపెట్టింది. నేను దించేవాణ్ణి. ఆవిడ గరిటెల కింద దాచేది. “ఏమండీ, మీరు కూర్చోకపోతే పోనీ, దాన్ని చూస్తూ నిలబడండి,” అనేది. ఆవిడతో పడలేక ఆ పీట మీద ఉల్లిపాయల బేసిన్ పెట్టుకునేవాణ్ణి.

శరత్కాలంలో పట్టు వ్యాపారి సాబిర్జాన్ కొడుకు పెళ్లి వచ్చింది. మధ్యాహ్నం పలావు, నాలుగు వందల మంది. పదకొండున్నరకి అన్నం పోగుచేసి, వెల్లుల్లి గడ్డలు గుచ్చి, బేసిన్లు బోర్లించి దమ్ పెట్టాను. నలభై నిమిషాలు. డోలు, సన్నాయి మోగుతున్నాయి. జల్లిగరిటె భుజాన వేసుకుని, మీసం దువ్వుకుంటూ బాణలి పక్కన నిలబడ్డాను. అప్పుడు వచ్చింది నొప్పి. ఎప్పటిలాంటిది కాదు. ఛాతీ మధ్యలో పిడికిలి పెట్టి మెలితిప్పినట్టుంది. చెమటలు కారిపోయాయి, అవి పొయ్యి చెమటలు కావు.

ఎదురుగా నాలుగు వందల మంది. గోడచాటు ముప్పై అడుగుల దూరంలో ఉంది. అక్కడిదాకా నడిస్తే దారిలోనే పోతాను. ఇక్కడే నిలబడి కొట్టుకుంటే పడేది ఈసారి క్యారెట్లలో కాదు, మండుతున్న పొయ్యిలో. కూర్చుంటే పరువు పోతుంది. నిజం చెప్తున్నాను, నవ్వకండి, కొన్ని క్షణాలు ప్రాణాన్నీ పరువునీ తూకం వేశాను. అంత నొప్పిలోనూ పరువే బరువు తూగింది! అప్పుడు కంటికి పీట ఆనింది, ఉల్లిపాయల బేసిన్ మోస్తూ. సబోహత్ గొంతు వినిపించినట్టయింది.

“యాద్గార్, ఆ బేసిన్ దించు. పీట పొయ్యికి దూరంగా వెయ్యి,” అన్నాను.

వేశాడు. నాస్ ఉమ్మేశాను, నీళ్లు పుక్కిలించాను, కూర్చున్నాను.

సన్నాయి ఆగిపోయింది. పెళ్లికొడుకు తండ్రి టీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎవరో పెద్దాయన “యా అల్లా, ఉస్తా కూర్చున్నాడు!” అన్నాడు, భూకంపం వచ్చినట్టు. నేను నాలుక ఎత్తి ఒక్కసారి నొక్కి నోరు మూసుకున్నాను. అయిదు వేళ్లు చూపిస్తే యాద్గార్ గడియారం పట్టుకున్నాడు.

“అయిదు నిమిషాలు ఉస్తా.”

“తగ్గలేదు.” రెండోది కొట్టాను.

సాబిర్జాన్ వంగి, “ఉస్తా, మరి అన్నం...?” అన్నాడు. వాణ్ణి తిట్టడానికి కూడా ఓపిక లేదంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

“ఇంకో అయిదైంది ఉస్తా,” అన్నాడు యాద్గార్.

“నూటమూడు చెయ్యి. చేసి ఇక్కడే ఉండు. ఇంకా ఇరవై నిమిషాలుంది, ఎవడు చెప్పినా మూత తియ్యకు.”

అంబులెన్స్‌లో వచ్చిన కుర్ర డాక్టరు, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, నాలుగు వందల మంది వింటుండగా అడిగాడు: “పెద్దాయనా, ఈ రెండు రోజుల్లో మగతనం మాత్రలేమైనా వేసుకున్నారా? అవి వేసుకుంటే ఈ మందు ఇవ్వకూడదు. రెండూ కలిస్తే ప్రాణం తీస్తాయి.”

పెళ్లి మొత్తం ముందుకి వంగింది. అరవై మూడేళ్ల మగాడికి అంతకన్నా పెద్ద అవకాశం మళ్లీ రాదు. “వేసుకున్నాను” అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. “లేదు నాయనా,” అన్నాను. నా జీవితంలో నేను మింగేసిన అతిపెద్ద గొప్ప అదే.

ఆస్పత్రిలో మూసుకుపోయిన గొట్టం తెరిచారు. కూర్చున్నారు గనక, టైముకి ఫోన్ చేశారు గనక దక్కారన్నారు. మూడో రోజు యాద్గార్ వచ్చాడు. గుడ్డలో కట్టిన చిన్న గిన్నె విప్పి నా ముందు పెట్టాడు. పెళ్లి పలావు.

“డాక్టర్లు కొవ్వు వద్దన్నారురా.”

“తినడానికి కాదు ఉస్తా, చూడ్డానికి. ఫ్రిజ్‌లో దాచాను.”

చూశాను. మూడు రోజుల నాటి అన్నం. మెతుక్కి మెతుకు అంటుకోలేదు. ముత్యాల్లా విడివిడిగా ఉన్నాయి. నలభై నిమిషాల దమ్‌లో సగంసేపు ఉస్తా పీట మీద కూర్చున్నాడు, అన్నానికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇంత బాగా నేనెప్పుడూ వండలేదేమో కూడా. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

“మిగతావాళ్లు అంటున్నారు ఉస్తా,” అన్నాడు తల దించుకుని. “మీరు అటు తిరగ్గానే వాళ్లు ఎప్పుడూ కూర్చునేవాళ్లేనట. ఇన్నేళ్లూ.”

“దొంగ వెధవలు! మరి నువ్వు?”

“నేను కూర్చోలేదు ఉస్తా. మీరు చెప్పారు కదా.”

అప్పుడు వాడివంక సరిగ్గా చూశాను. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారేమో. పక్కనే కుర్చీ ఉన్నా వాడు నిలబడే ఉన్నాడు. మొహం పాలిపోయింది. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. ఇక్కడ క్యారెట్లేమీ లేవు.

“ఉస్తా, మీ స్ప్రే ఒక్కసారి నాకూ కొడతారా? ఏడాదిగా పొయ్యి దగ్గర ఛాతీ మీద బస్తా పెట్టినట్టుంటోంది. మీకు చెప్తే పని మాన్పిస్తారని చెప్పలేదు. ఇప్పుడు మూడంతస్తులు ఎక్కొచ్చాను కదా, మళ్లీ వచ్చింది.”

నా చెయ్యి దిండు కిందికి పోయింది. స్ప్రే అందింది కూడా. ఇవ్వడానికేముంది, వాడు నాకు ఇరవై రెండేళ్లిచ్చాడు. డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది: మీకు రాసిన మందు, ఇంకెవరికీ ఇవ్వొద్దు. నేను వండిన అబద్ధమే వీణ్ణి ఇక్కడిదాకా తెచ్చింది. ఇంక నా చేత్తో ఏదీ తినిపించకూడదు. స్ప్రే వదిలేసి నర్సు గంట నొక్కాను. నొక్కిన వేలు తియ్యలేదు.

“ఒరేయ్, మా గురువు ఆ మాట అనలేదు. నేనే కల్పించాను. నువ్వు రాకముందు, అప్పటి పనివాళ్లు టీ తాగుతుంటే ఒళ్లు మండి కల్పించాను.”

వాడికి అర్థం కాలేదు. నేనేదో మందు మత్తులో మాట్లాడుతున్నాననుకున్నట్టున్నాడు.

“కూర్చో యాద్గార్.”

“మీ ముందా ఉస్తా?”

“కూర్చోరా నాయనా, నీ కాళ్లు పట్టుకుంటాను, కూర్చో!”

వాడు కుర్చీ అంచున, అది విరిగిపోతుందేమోనన్నట్టు మెల్లగా కూర్చున్నాడు. నర్సు పరుగెత్తుకొచ్చేదాకా నేను వాడి చెయ్యి వదల్లేదు.