గొర్రెల ఒంటి ఎత్తున అరిగిన బండలు

కమిషనర్‌గా నేనిచ్చిన రిపోర్టులో ఒక్క అబద్ధమూ లేదు. కానీ చూసిన ఒక సంగతి అందులో రాయలేదు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికే కోదాడలో వకీలుగా స్థిరపడ్డాను. చిలుకూరు వైపు ఒక ఊళ్లో, అందరి పశువులూ మేసే గుట్టకు ఎక్కే చోట ఒక రైతు కడీలు పాతి ముళ్లకంచె వేశాడు. దారి మూశాడని గొర్రెలకాపరులు దావా వేశారు. అక్కడ అసలు దారే లేదని అతని వాదన. కోర్టు నన్ను అడ్వకేట్ కమిషనర్‌గా వేసింది. అంటే జడ్జి తరఫున ఆ చోటుకు వెళ్లి, కనిపించింది రాసివ్వాలి. ఎవరిది న్యాయమో చెప్పకూడదు.

నేను వెళ్లేసరికి కంచె వేసి రెండు వానాకాలాలు దాటాయి. గడ్డి మోకాళ్లదాకా పెరిగింది. కాపరుల్లో పెద్దవాడైన మల్లయ్య నన్ను కంచె అవతల పక్కపక్కనే ఉన్న రెండు పెద్ద బండల దగ్గరికి తీసుకెళ్లాడు.

“జర చెయ్యి పెట్టి సూడుండ్రి సారూ,” అన్నాడు.

తొడ ఎత్తు వరకు బండ అరిగిన గడపలా నున్నగా ఉంది. ఆపైన గరుకు. కుతూహలం ఆగక గుట్ట మీద ఇంకో పది బండలు తడిమాను. ఎక్కడా ఆ నునుపు లేదు. ఆ రెండు బండల సందులోంచి పోతూ గొర్రెలు ఒళ్లు ఒరుసుకోవడం వల్లే అలా అయిందన్నమాట.

“గడ్డిదేముంది, రెండు వానలకు మొలుస్తది. బండ గిట్ల కావాలంటె ఎన్ని మందలు పోవాలె? మీరు సదువుకున్నోళ్లు, మీరే చెప్పుండ్రి,” అని నవ్వాడు.

రైతు తరఫు వకీలు నాకు పని నేర్పిన సీనియర్. ఆ రోజు ఆయనా గుట్టకు వచ్చారు; తిరిగి వస్తుంటే, కమిషనర్ ఊహలు రాయకూడదని నాతో అన్నారు. ఆ నునుపు కూడా ఊహేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ‘గడ్డి పెరిగి ఉంది, కాలిబాట కనిపించలేదు’ అని రాశాను. ఆ వాక్యం చూపించే కింది కోర్టు దావా కొట్టేసింది. మేతకు దారి లేక మల్లయ్య మందను అమ్మేసి, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లుకు వాచ్‌మన్‌గా వెళ్లాడు.

మిగతా కాపరుల అప్పీలు సూర్యాపేట జిల్లా కోర్టులో ఇంకా నడుస్తోంది. చేతికి తగిలింది కూడా సాక్ష్యమేనని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మొన్న ఆ బండల సంగతంతా ప్రమాణం చేసి, అఫిడవిట్‌గా రాసి వాళ్ల వకీలుకు ఇచ్చాను. అక్కడినుంచి నేరుగా మిర్యాలగూడ వెళ్లాను.

గేటు దగ్గర స్టూలు మీంచి లేచి మల్లయ్య, “వకీల్ సాబ్, గిటెట్ల వచ్చిండ్రు?” అన్నాడు.

“మల్లన్నా, నువ్వు చూపిచ్చింది అంతా చూసిన. కావాలనే రాయలేదు. నీ మంద పోయింది నా వల్లనే. నన్ను మాఫ్ చెయ్యి,” అన్నాను.