తనిఖీ కోసం సర్దిన పుస్తకాలు

మా వైపు కాలేజీల గురించి రాసేవాళ్ళు కొత్త భవనాల ఫోటోలు వేస్తారు, సీట్లు పెరిగాయని రాస్తారు. చరిత్ర గ్రూపు ఎలా మూతపడిందో ఎవరూ రాయరు. చూసినవాళ్ళలో కొందరు పోయారు, మిగిలినవాళ్ళు నోరు విప్పరు. అందుకని నేను రాస్తున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. రైసుమిల్లులో కాటా గుమాస్తాగా చేస్తూ సాయంత్రాలు శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. రెడ్డిరాజుల చరిత్ర, ద్రాక్షారామం శాసనాలు అక్కడే చదివాను. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. పత్రికల కోసం అక్కడికి వచ్చే డిగ్రీ కాలేజీ చరిత్ర మేష్టారు నాకు స్నేహితులయ్యారు.

తొంభైల చివరికి మా పక్క పిల్లలంతా ఇంజనీరింగు దారి పట్టారు. ఇంటర్ ఫలితాలు రాగానే బి.ఏ. లెక్చరర్లు ఊళ్ళ మీద పడి విద్యార్థుల్ని వెతుక్కోవాల్సి వచ్చేది. ఎవరూ చేరకపోతే గ్రూపు ఎత్తేస్తారు. ఊళ్ళు తెలిసినవాణ్ణని మేష్టారు నన్ను స్కూటరు వెనక ఎక్కించుకునేవారు.

అలా ఒక రొయ్యల రైతు ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మాయి మా గ్రంథాలయానికి వచ్చే పిల్లే. చరిత్రే చదువుతానని భీష్మించుకు కూర్చుంది. తండ్రి మాకు మజ్జిగ ఇప్పించి, మర్యాదగానే వెటకారం చేశారు.

"ఆడపిల్ల ఉన్న ఇంటికి పెళ్ళిళ్ళ పేరయ్య వస్తాడనుకున్నానండి, మేష్టార్లు వచ్చారు. రాజులంతా ఎప్పుడో పోయారు కదండీ, వాళ్ళ గురించి చదివితే మా పిల్లకేం వస్తుందండి?"



"రొయ్యలకి జబ్బు తగిలితే మనకేం వస్తుంది నాన్నా?" అంది అమ్మాయి.

ఆయన నవ్వేశారు. చివరికి ఒప్పుకున్నారు గానీ, గ్రూపు మధ్యలో ఎత్తేస్తే వేరే ఊరి కాలేజీకి పంపనని ముందే చెప్పారు.

ఏడాది తిరిగాక ఎత్తేశారు. అదే యాజమాన్యం పెట్టిన ఇంజనీరింగు కాలేజీకి ఆ గదులు కావాల్సి వచ్చాయి. ఉన్న కాస్త మందినీ బి.కాం. కంప్యూటర్స్‌కి మారమన్నారు. ఆ అమ్మాయి మారలేదు. తండ్రి అన్నంత పనీ చేసి చదువు మాన్పించారు. మేష్టారిని ఇంజనీరింగు హాస్టల్‌కి వార్డెన్‌గా వేశారు.

ఇంట్లోనే చదివి ప్రైవేటుగా పరీక్ష రాస్తానని ఆమె తండ్రిని బతిమాలి ఒప్పించింది. ఇక కావాల్సింది పుస్తకాలు. మా గ్రంథాలయంలోవి సిలబస్‌కి చాలవు. రాజమండ్రి కొట్లలో గైడ్లే దొరికాయి. డిగ్రీ కాలేజీ పుస్తకాల కోసం నేనే వెళ్ళాను.

అవన్నీ ఇంజనీరింగు లైబ్రరీలో ఉన్నాయి. తనిఖీకి వచ్చే కమిటీ పుస్తకాల సంఖ్య చూస్తుందట. అందుకని మెకానికల్ అని చీటీ అంటించిన అద్దాల బీరువాల్లో, వెనక వరస నిండా చరిత్ర పుస్తకాలు పేర్చారు. మేష్టారి సొంత పుస్తకాలు కూడా అడిగి పట్టుకొచ్చి అందులోనే పెట్టారు. అన్నిటి మీదా కొత్త ముద్ర.

"తనిఖీ అయ్యేదాకా ఒక్కటి కూడా కదపకూడదండి. లెక్క తగ్గితే నా ఉద్యోగం పోద్దండి," అన్నారు లైబ్రేరియన్. ఆయన అబద్ధం చెప్పలేదు.

తనిఖీ వాయిదాలు పడింది. అయిన మర్నాడే పుస్తకాలన్నీ వ్యాన్లో వేరే ఊరికి వెళ్ళాయి. అక్కడి కాలేజీకీ తనిఖీ ఉందట. ఈలోగా పరీక్షలు వచ్చాయి. ఆమె గైడ్లు చదివి రాసి తప్పింది. రెండోసారి రాస్తానంటే తండ్రి వినలేదు. ఇప్పుడు వాళ్ళ రొయ్యల మేత కొట్లో కూర్చుంటోంది. గ్రంథాలయం ముందు నుంచే వెళ్తుంది, లోపలికి రాదు.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను. కొడుకు అదే కాలేజీలో పనిచేస్తున్నాడని మేష్టారు తన పేరు వద్దన్నారు. లైబ్రేరియన్ కూడా వద్దన్నారు. ఆమెని అడిగితే, "నా పేరెందుకు బాబాయ్ గారూ, నేనేం చదివానని?" అంది.

ముగ్గురికీ నా నమస్కారాలు.