ఇరవై మూడు లారీలు, ఒక నల్ల తెర

కంప్యూటర్ తెర కోసం ఇనుపరాయి లారీలను నడిరోడ్డు మీద నిలబెట్టిన ఒక ఆడమనిషి గురించి మా వైపు చాలామంది చెప్పుకుంటారు. కొందరు వంద లారీలంటారు. కొందరు పొద్దుగూకే దాకా నిలిపిందంటారు. ఆ ఆడమనిషిని నేనే కనుక లెక్క సరిచేస్తున్నాను. లారీలు ఇరవై మూడు. నిలిచింది నలభై ఒక్క నిమిషాలు. చేసిన దానికి ఎంత సిగ్గుపడాలో అంతే సిగ్గుపడతాను, ఒక్క లారీ కూడా ఎక్కువ ఒప్పుకోను.

అప్పుడు నేను చిన్నదాన్ని. యాభై ఆరేళ్ళు. గనుల జోరు నడుస్తున్న కాలం. ఇల్లు బళ్ళారి గాంధీనగర్‌లో, ఉద్యోగం సండూరు దారిలో రోడ్డును ఆనుకుని ఉన్న చిన్న మిషన్ బడిలో, గుమాస్తాగా. ఆ రోడ్డు మీద పొద్దంతా లారీలే. వాటి ఎర్రదుమ్ము గోడల మీద, పిల్లల జడల మీద, నా డబ్బాలో పెరుగన్నం మీద పడేది. మూత తీసి రెండు నిమిషాలు మాట్లాడితే పెరుగన్నం టమాటా అన్నం అయిపోయేది.

బడికి ఎవరో దాత ఒక ల్యాప్‌టాప్ ఇచ్చాడు. దాని సొంత తెర పగిలి ఉంది. అందుకే దాత అయ్యాడని నా అభిప్రాయం. పాత టీవీ అంత మానిటర్ ఒకటి దానికి వైరుతో తగిలించి వాడేవాళ్ళం. రోజూ పొద్దున్నే నేను ఆ వైరు ఊడదీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ పెట్టేదాన్ని. వైరు కొసన అటొకటి ఇటొకటి చిన్న మరలుంటాయి. ఒక్కో మర బిగించడానికి ఎనిమిది తిప్పులు, విప్పడానికి ఎనిమిది. రెండింటికీ కలిపి రోజుకు ముప్పై రెండు. రేపు విప్పబోయే మరను ఈరోజు బిగించడం ఏం తెలివి? మానేశాను. ఇరవై ఆరు పనిదినాల నెలకు ఎనిమిది వందల ముప్పై రెండు తిప్పులు మిగిలాయి. మీలో ఎవరైనా ఇంత పొదుపు చేశారా?

ఇంతలో పదో తరగతి పరీక్షకు పేర్ల పట్టిక పంపే వేళ వచ్చింది. ఎనభై ఆరుగురు పిల్లలు. బుధవారం సాయంత్రం అయిదులోపు పట్టిక బళ్ళారి ఆఫీసు చేరాలి. చేరకపోతే హాల్ టికెట్లు రావు, పిల్లలకు ఏడాది పోతుంది. దానికి నేను మూడున్నర బస్సు ఎక్కాలి.

సోమవారం టైపు మొదలుపెట్టాను. తొమ్మిదో పేరు దగ్గర తెర నల్లబడింది. ‘నో సిగ్నల్’ అన్న చిన్న పెట్టె, మంద తప్పిన మేకపిల్లలా తెరంతా తిరగసాగింది. నల్లబడిందంటే ఆరిపోయిందనే కదా? ల్యాప్‌టాప్ బటన్ నొక్కి ఆపేశాను. వైరు ఊడదీసి ఊది పెట్టాను. బొమ్మ వచ్చింది, తొమ్మిది పేర్లూ పోయాయి.

మా హెడ్మాస్టరు దేవసహాయం సారు వచ్చి చూశారు. ఆయనది నెమ్మది గుణం.

“రూతమ్మా, ప్రార్థన చేసి చూస్తామా?”

“చేశాను సార్. మూడు సార్లు.”

ప్రార్థనతో పాటు లెక్క కూడా మొదలుపెట్టాను. తెర ఎప్పుడు పోతోందో నిమిషంతో సహా రాసుకున్నాను. మంగళవారం సాయంత్రానికి ముప్పై ఒక్క సార్లు పోయింది. ముప్పై ఒక్క సార్లూ కిటికీ పక్కనుంచి నిండు లారీ పోతోంది! ఖాళీ లారీకి పోలేదు. బస్సుకు పోలేదు. చెరకు బండికి అసలే పోలేదు. లారీలో ఉన్నది ఇనుపరాయి. అయస్కాంతం దగ్గరికి తెస్తే మానిటర్‌లో బొమ్మ వంకరపోవడం నేను కళ్ళారా చూశాను. అంటే, లారీలోని ఇనుము మా సిగ్నల్‌ను లాక్కుపోతోంది. నేను కనిపెట్టిన ఈ సంగతికి నాకే ఒళ్ళు పులకరించింది.

ఒక్కో పేరుకూ సేవ్ నొక్కుతూ వచ్చాను కనుక, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి నలభై ఒక్క పేర్లు పోకుండా నిలిచాయి. నలభై అయిదు మిగిలాయి. తెర మళ్ళీ పోయింది. నేను లేచి, పేర్ల రిజిస్టరు చంకన పెట్టుకుని, రోడ్డు మధ్యకు పోయి చేయెత్తాను.

మొదటి లారీ నాకు ఆరడుగుల దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. బళ్ళారి పక్కన మోక ఊరి మనిషి, పేరు ఎర్రిస్వామి అని తర్వాత తెలిసింది.

“ఏందమ్మా! సావాలని వచ్చినావా?”

“నీ రాయి మా సిగ్నల్ లాగేస్తాందప్పా! ఎనభై ఆరు మంది పిల్లోళ్ళ పరీక్ష ఆగిపోతాంది. పట్టిక అయ్యేదాకా లారీ కదలకూడదు.”

“నా రాయా? నా రాయి ఏం లాగల్యా. తార్పాలు కూడా కప్పినా కదా!”

వెనక హారన్లు మొదలయ్యాయి. దేవసహాయం సారు గొడుగుతో పరుగెత్తుకొచ్చారు.

“రూతమ్మా, ఏంటికమ్మా ఇదంతా? సాకు, ఇంక చాలు, లోపలికి రా.”

“సార్, మీరు ఈడ నిలబడండి. ఒక్కటీ కదలకూడదు. ఏమప్పా డ్రైవరూ, నమ్మకం లేకుంటే వచ్చి చూసుకో.”

ఎర్రిస్వామి వచ్చాడు. తెర ముందు కూర్చోలేదు. నేరుగా దాని వెనక్కి పోయి, వైరు కొసను వేలితో తాకాడు. నా ఆరేళ్ళ మనవరాలి పాలపన్నులా ఊగింది.

“ఈ మరలు ఎవరు వదులు చేసినారు?”

సారు రోడ్డు మీదున్నారు కనుక బతికిపోయాను. “నేనే. లెక్క ప్రకారం చేసినా.”

“అమ్మా, సిగ్నల్ సంగతి నాకు తెల్దు. అదురుడు సంగతి నాకు చెప్పొద్దు. నిండు బండి పోతే ఈ గోడే అదురుతాది, ఈ మర లేని వైరెంత? నా బండిలో బిగించని నట్టు సండూరు కూడా దాటదు, రోడ్డు మీద ఉంటాది.” రెండు వేళ్ళతో బిగించేశాడు. ఎనిమిది, ఎనిమిది. నేను లెక్కపెట్టాను. “ఇంగ పోతాం.”

“యాడికి? నీ మాట నిజమని ఎట్లా తెలిసేది? పేర్లు చదువు.”

అతను రిజిస్టరు పట్టుకుని ఒక్కో పేరూ గట్టిగా చదివాడు, నేను టైపు చేశాను. రెండూ ముప్పై ఒకటికి ఎనభై ఆరో పేరు పడింది. పట్టిక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కింది. బస్సుకు ఇంకా యాభై తొమ్మిది నిమిషాలుంది. అంత సమయం ఉండగా పరీక్ష చేయకుండా ఎవరైనా వదులుతారా?

“లారీలు ఒక్కొక్కటిగా పంపండి సార్! నేను తెర చూస్తాను!”

మొదట ఎర్రిస్వామి పోయాడు. కిటికీ దగ్గర నెమ్మది చేసి అడిగాడు. “ఏమమ్మా, బొమ్మ ఉండాదా?”

“ఉంది.”

రెండో లారీ. “అమ్మా, బొమ్మ ఉండాదా?”

“ఉంది.”

అతను వెనకవాళ్ళందరికీ ఏం చెప్పిపోయాడో ఏమో, ఇరవై మూడు లారీలూ కిటికీ దగ్గర ఆగాయి, ఇరవై మూడు తలలూ బయటికొచ్చాయి, ఇరవై మూడు సార్లు నేను “ఉంది” అన్నాను. పదిహేడోవాడు కన్నడంలో అడిగాడు, కన్నడంలోనే చెప్పాను. ఆఖరివాడైతే, “చూసి చెప్పమ్మా, నా బండిలో లోడు స్వల్ప ఎక్కువుండాది” అన్నాడు. చూసే చెప్పాను.

ఎవరేమన్నా నేను ఒకటి వదలను. లారీ పోతేనే బొమ్మ పోయింది. దొంగను సరిగ్గానే పట్టుకున్నాను, తలుపు తీసిపెట్టింది నేనేనన్నది ఒక్కటే నాకు తట్టలేదు.

అయినా ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎర్రదుమ్ము సాక్షిగా నిండు మనసుతో ప్రమాణం చేశాను. మరలు బిగించి చూసుకోకుండా జన్మలో ఏ లారీకీ చేయి ఎత్తను. బిగించాక కూడా బొమ్మ పోతే మాత్రం, ఇరవై నాలుగో లారీ జాగ్రత్తగా ఉండాలి.