డెమోలో తెరుచుకోని తలుపులు

మంగళవారం ఉదయం ఆరున్నరకు మా వీధి టీచరమ్మ గుండెపోటుతో చనిపోయారు. అప్పటికే వాకిట్లో ముగ్గు వేసి ఉంది. ఆమెతో ఉండే చెల్లెలు కాఫీ తీసుకుని బయటికి వచ్చేసరికి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నారు. వయసు అరవై నాలుగు. చిత్తూరులో ఒక ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. నేను వాళ్ళలో ఒకణ్ణి కాదు. ఆమెను నేను ఎరిగింది వీడియో గేముల అంగట్లో.

ఐదేళ్ళ కిందట తడి మెట్ల మీద జారి ఆమె కుడి మణికట్టు విరిగింది. ఎముకల వైద్యానికి పేరున్న పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నారు. ఎముక అతికింది గాని కట్టు విప్పాక వేళ్ళు బిగుసుకుపోయాయి. వాటిని కదిలిస్తూ ఉండాలని చెప్పారు. రబ్బరు బంతిని పిసుకుతూ కూర్చోవడం ఆమెకు విసుగు పుట్టించింది. సరిగ్గా అప్పుడే వీధి చివర ఒకాయన మూడు టీవీలు పెట్టి గేముల అంగడి తెరిచాడు. శబ్దం ఎక్కువైందని మందలించడానికి పోయిన టీచరమ్మ అక్కడ అందరి చేతుల్లో జాయ్‌స్టిక్ చూసి, "ఇట్లియ్యి సూద్దాం" అన్నారట.

"ఇది మీకు కాదు టీచరమ్మా" అన్నాడట అంగడాయన.

"నా ఏళ్ళకు పని గావాల. నువ్వు ఆ మోత తగ్గించు, నేను కూసుంటా."

అప్పట్లో మా పత్రిక జిల్లా అనుబంధంలో ప్రతి శనివారం విద్యార్థులకు అర పేజీ ఉండేది. అందులో కొత్త గేముల మీద నాలుగు ముక్కలు రాసే పనిని డెస్కు నాకు అప్పగించింది. నేను నేరవార్తలు, మార్కెట్ యార్డు ధరలు రాసేవాణ్ణి. గేముల గురించి ఏమీ తెలియదు కాబట్టి, మధ్యాహ్నం పూట ఆ అంగడికి పోయి ఆడేవాళ్ళు చెప్పింది రాసుకునేవాణ్ణి.

వాళ్ళు చెప్పేది ఎక్కువగా డెమోల గురించే. పూర్తి గేము అమ్మకానికి రాకముందు, రుచి చూపించడానికి అందులో ఒక ముక్కను సీడీలో పెట్టి వదిలేవారు. విదేశీ గేముల పత్రికలతో పాటు వచ్చే ఆ డెమో సీడీలను అంగడాయన మద్రాసు పాత పుస్తకాల అంగళ్ళలో వెతికి తెచ్చేవాడు. పది పదిహేను నిమిషాల ఆట. బాగా రంజుగా ఉన్నచోట ఆగిపోయి, మిగతాది త్వరలో వస్తుందని తెర మీద పడేది.

"సూపరన్నా, రాసుకో. ఇట్లాంటి గేము ఇంగ పుట్టబోదు" అనేవాడు ఒక కాలేజీ కుర్రాడు. ప్రతి డెమోకూ ఇదే మాట.

వెనక బెంచీ నుంచి టీచరమ్మ అడిగారు. "నువ్వు సూసింది ఎంతసేపురా?"

"పది నిమిషాలు టీచరమ్మా."

"పది నిమిషాలది సెప్పు. రాబోయేది నీకు యాడ తెలుసు?"

కుర్రాడు ఊరుకోలేదు. "టీచరమ్మ ఆడితే రేసు కారు గూడా కాలినడకన పోతాదన్నా. అది గూడా రాసుకో."

"నడిచిపోతేనే గదరా, దావ పక్కన ఏముండాదో కనపడేది."

ఆమె ఆడే తీరు అదే. తెర మీద బాణం కుడికి పొమ్మంటే ఎడమకు పోయేవారు. శత్రువు వస్తున్నా పట్టించుకోకుండా గోడల వెంట నడిచి, ఆ గోడ ఎక్కడ ఆగిపోతుందో చూసేవారు. ఒక డెమోలో వాన కురుస్తున్న చిన్న ఊరు వచ్చేది. ఆటగాడు ఆ వీధిలో పరుగెత్తి వంతెన చేరుకోవాలి. వీధికి రెండు పక్కలా ఇళ్ళు. కుర్రాళ్ళందరూ వంతెన మీదికి పరుగెత్తారు. టీచరమ్మ ఆటను మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టి ప్రతి ఇంటి తలుపూ తట్టారు. ఒక్కటే తెరుచుకుంది.

"ఆ ఒక్కటే తలుపప్పా. కడమవన్నీ గోడమీద గీసినవి" అని నాతో అన్నారు.

నేను ఆ మాట రాయలేదు. తిరిగి చూడటానికి ఊరంత ఊరు ఉందని కుర్రాళ్ళు చెప్పింది రాశాను. కొన్ని నెలలకు పూర్తి గేము వచ్చింది. మిగతా తలుపులు అందులోనూ తెరుచుకోలేదు. సూపర్ అని రాయించిన ఆ కాలేజీ కుర్రాడే టీ అంగడి దగ్గర నన్ను నిలదీశాడు.

"ఏందన్నా, పేపర్లో అట్ల రాసేసినావు?"

"నువ్వు చెప్పిందే కదప్పా."

"నేను సెప్తే రాసేస్తావా?"

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆ వారం నుంచి టీచరమ్మ అభిప్రాయం లేకుండా డెమో గురించి రాయలేదు. ఆ తలుపుల సంగతి ముందే ఎట్లా పట్టారని ఆమెనే అడిగాను.

"బళ్ళో ఇన్‌స్పెక్షన్ దినం మేం జేసిందీ ఇదే గదప్పా. ఒకే పాఠం వారం దినాలు రుద్దేది. ఇన్‌స్పెక్టరు ప్రశ్న అడిగితే అందరూ చెయ్యెత్తాల. తెలిసినోళ్ళు కుడిచెయ్యి, తెలీనోళ్ళు ఎడంచెయ్యి. నేను కుడిచేతోళ్ళనే లేపేదాన్ని. ఆయన పది నిమిషాలు సూసి, బడంతా అట్లే ఉండాదనుకోని పోయేవాడు."

అప్పటికి అంగట్లో అనుమానాలు చాలా ఉండేవి. ఆమె ఏళ్ళ తరబడి రోజూ రావడం చూసి, కాలేజీ ఎగ్గొట్టేవాళ్ళ పేర్లు ఇళ్ళకు మోస్తోందని కుర్రాళ్ళు అనుకునేవారు. ఇందులో ఏదో ఉందని నాకూ అనిపించింది. చూసినవి చూసినట్టు గుర్తు పెట్టుకున్నాను.

ప్రతి డెమో అయ్యాక ఆమె తాను కనిపెట్టింది చెప్పేవారు, అంగడాయన ఒక పొడుగు నోటుపుస్తకంలో రాసేవాడు. పెన్ను పట్టుకుంటే మణికట్టు లాగుతుందని ఆమె చెప్పేవారు. అది ఒకటి. అంగడాయన పాత గేములను తెరవైపు చూడకుండానే మొదలుపెట్టేవాడు. సీడీల మీద రంగు చుక్కలు పెట్టుకున్నాడు. కొత్త డెమో వస్తే మాత్రం, "ఏం రాసిండాడో సదవండ్రా, నాకు కండ్లు మంట" అనేవాడు. డెమో సీడీలో వరస ప్రతిసారీ మారుతుంది. కళ్ళు మండేది సరిగ్గా అప్పుడే. అది రెండు.

మూడోది ఒక ఉదయం దొరికింది. వార్త కోసం తొందరగా బయలుదేరిన నాకు టీచరమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ కనిపించారు. పెద్ద ముగ్గు. పిండి ధార ఎక్కడా తెగలేదు, వణకలేదు. వేస్తున్నది కుడిచెయ్యి.

"పెన్ను పట్టుకోలేనంటిరే" అన్నాను.

ఆమె వీధికి రెండు వైపులా చూసి లేచారు. "ఇది పేపరుకు కాదప్పా" అని ముందే చెప్పి, మిగతాది చెప్పారు.

ఒక ఇన్‌స్పెక్షన్ రోజు, మూడో తరగతిలో చదవడం రాని ఒక్క పిల్లవాణ్ణి ఎడంచేతివాళ్ళలో కూడా కూర్చోబెట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఇన్‌స్పెక్టరు వాణ్ణే లేపుతాడేమోనని కుండ ఇచ్చి నీళ్ళకు పంపారు.

"కుండ నిండా తెచ్చినాడు. మంచోడివిరా అన్నా. ఆ పొద్దు నుంచి సదవమంటే సాలు, నీళ్ళు తెస్తానని లేచేవాడు. నేనూ పొమ్మనేదాన్ని. ఐదో తరగతికి బడే మానేసినాడు. నేను దాపెట్టిన పిల్లోడు వాడొక్కడే."

ఆ పిల్లవాడు ఎవరో చెప్పడానికి వీధి చివరి అంగడి వైపు ఆమె వేలు చూపలేదు. అవసరం లేకపోయింది.

"కండ్లు మంట అన్నాడు సూడు, అప్పుడు తెలిసింది. మీసాలొచ్చినోణ్ణి, అంగడి పెట్టుకున్నోణ్ణి అందరి ముందర సదువుకోరా అంటే నిలుస్తాడా? నా చెయ్యి పని జెయ్యలేదురా, నువ్వు రాసిపెట్టు అన్నా. అక్షరమొచ్చేదాకా ఈ చెయ్యి బాగుపడేది లేదు."

వాళ్ళ పాఠం పొద్దున, కుర్రాళ్ళు రాకముందు జరిగేది. అంగడాయన ఇచ్చిన ఆ నోటుపుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మొదటి పేజీల్లో డెమోకు ఒక్కో మాటే: కారు. వాన. తలుపు. అక్షరాలు రెండు గీతలు దాటిపోయాయి. మూడో ఏడు వచ్చేసరికి ఒక్కో డెమోకు ఐదారు వాక్యాలు. టీచరమ్మ అనుమానం ప్రతిసారీ నిజం కాలేదు. చేపలు పట్టే ఒక డెమోలో ఏమీ లేదని తేల్చేశారు. పూర్తి గేము వచ్చాక కుర్రాళ్ళు దాన్ని వదల్లేదు. ఆ పేజీ కింద అంగడాయన చేతిరాతలో ఆమె చెప్పిన వాక్యం ఉంది: "టీచరమ్మ సరిగా చూడలేదు."

బుధవారం అంగడాయనతో మాట్లాడాను. ఈ సంగతి రాయవచ్చా అని అడిగాను.

"రాయి సార్. ఆమె దాసింది నా కోసరం. ఇంగ నాకెందుకు దాపరికం?"

"ఆమె చెయ్యి ఎప్పుడో బాగైంది. నీకు తెలుసా?"

"తెల్లేకేం సార్. ఒగ తూరి ఆటలో ఓడిపోయి జాయ్‌స్టిక్ ఇసిరికొట్టింది. కుడిచేత్తోనే. గోడకు సొట్టపడింది, సూడు."

సొట్ట నిజంగానే ఉంది. "మరి అడగలేదా?"

"అడిగితే రాసే పని పోతాది గదా."

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ఆమె పనిచేసిన బళ్ళో, మూడో తరగతి గదిలో సంతాప సభ ఉంది. నోటుపుస్తకంలోంచి ఒక పేజీ చదవమని హెడ్మాస్టరు అంగడాయనను అడిగారు. ఒప్పుకున్నాడు. పదిమంది ముందు నిలబడి చదవడం అతనికి ఇదే మొదలు. ఏ పేజీ చదవబోతున్నాడో, ఎన్నిసార్లు చదివి చూసుకున్నాడో నేను అడిగాను. నా అలవాటు అది.

"పుస్తకం ఆదివారం దాకా నీ దగ్గరే పెట్టుకో సార్. నాకియ్యొద్దు. ఆడికొచ్చినోళ్ళలో ఎవరైనా ఒగరు తెరవనీ. తెరిసిన పేజీ సదువుతా."

నాలుగు గంటలకు సభ మొదలవుతుంది. ఇద్దరు పాత ఉపాధ్యాయులు మాట్లాడాక పుస్తకం తెరుస్తారు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందించే పని హెడ్మాస్టరు వేరేవాళ్ళకు అప్పగించారు.