కేబిన్ అద్దం, అక్క చేతిలో తాడు

నిన్న చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన ఒకాయన పాత ట్రాక్టర్ కేబిన్‌కు ఊడిన అద్దం బిగిస్తున్నాడు. సబ్బునీళ్లు, రబ్బరు కలిసిన ఆ వాసన తగలగానే నాకు పాత కడుపుమంట మళ్లీ లేచింది.

ఇంట్లో ట్రాక్టర్‌తో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, దాని గాడిలో సన్నని తాడు పెట్టి, సబ్బునీళ్లు పూసి బయటి నుంచి అదిమేవారు. లోపల కూర్చున్నవాళ్లు తాడు లాగుతుంటే రబ్బరు అంచు చట్రం మీదికి ఎక్కి కూర్చునేది. చెరుకు తోలే రోజుల్లో గతుకులకు మా అద్దం ఊడని వారం లేదు.

లోపల కూర్చునేది ఎప్పుడూ అక్కే.

"నువ్వు జోరుగ గుంజుతవ్ బిడ్డా, అద్దం పలుగుతది. మగ్గు పట్టుకో," అనేవాడు బాపు నాతో.

బయట సబ్బునీళ్ల మగ్గుతో నేను, డ్రైవర్ సీట్లో మహారాణిలా అక్క.

ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేసి దెప్పాను.

"నీకేందే, బాపు పక్కన నిలబడ్తుంటివి," అంది. "అద్దం అడ్డం పెట్టినంక నాకేం ఇనపడకపోతుండె. మీ ఇద్దరి నోళ్లు కదులుతుంటే లోపల కుళ్లుకుంటుంటి. గంతసేపు ఏం ముచ్చట పెడ్తుండెనే నీతోని?"

"ఏమో, యాదికి లేదు," అన్నాను.

బాగా గుర్తుంది. "చూడు, అక్క ఎంత నిమ్మళంగ గుంజుతుందో," అనేవాడు. ప్రతిసారీ అదే మాట.

మా అక్క ఫేస్‌బుక్‌లో లేదు. మీరూ చెప్పకండి.