‘శవాల షిఫ్టు’ రెండో భాగానికి రెంజల్ రోడ్డు చెప్పిన తీర్పు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో దసరా వెళ్లిన సోమవారం నాడు, నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని ఒక చిన్న వీడియో గేమ్ కంపెనీలో ‘ఆటగాళ్ల అభిప్రాయాల విభాగాధిపతి’గా చేరాను. అంతకు ముందు పద్దెనిమిదేళ్లు హైదరాబాద్‌లో బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టాను. విభాగాధిపతి అంటే మాటలు కాదు. నా కింద ఒక కుర్చీ పనిచేసేది. కుర్చీ కింద నాలుగు చక్రాలు పనిచేసేవి. వాటిలో ఒకటి నేను చేరేనాటికే దీర్ఘకాలిక సెలవులో ఉంది.

కంపెనీలో మొత్తం పదకొండు మందిమి. మా ఆఫీసు ఒక ఎముకల దవాఖాన పైఅంతస్తులో ఉండేది. మేము తయారుచేసేది జాంబీల ఆట, అంటే చచ్చి లేచి నడిచే పీనుగుల ఆట. కాలికి పట్టీతో మెట్లు దిగే పేషెంట్లను కిటికీలోంచి చూసే మా బొమ్మల కళాకారులు పీనుగుల నడక నేర్చుకున్నారని పట్నంలో ఒక ప్రచారం ఉండేది. అది అబద్ధం. కిటికీలోంచి కాదు, మెట్ల మీద నిలబడే చూసేవారు.

ఆట పేరు ‘శవాల షిఫ్టు’. మూతపడ్డ ఒక చక్కెర మిల్లులో ఒకనాడు సైరన్ దానంతట అదే మోగుతుంది. చచ్చిపోయిన కార్మికులంతా డ్యూటీకి లేచి వస్తారు. ఆటగాడు ఒక చెరుకు రైతు. ఊరిని కాపాడుకోవాలి. దీన్ని మా వృత్తిలో ఎంపికల ఆట అంటారు. కథ నడుస్తుండగా తెర ఆగిపోయి రెండు దారులు చూపిస్తుంది, పది సెకన్లలో ఒకటి నొక్కాలి. నొక్కినదాన్ని బట్టి కథ ఒక కొమ్మ పట్టుకుని పోతుంది, వెనక్కి రాదు.

మొదటి భాగం బోధన్ ప్రాంతంలో విపరీతంగా ఆడింది. కారణం మా ప్రతిభ అని మా డైరెక్టర్ ప్రవీణ్ చివరిదాకా నమ్మాడు. అసలు కారణం ట్రాక్టర్ల లైను. చెరుకు సీజన్‌లో లోడు ట్రాక్టర్లు మిల్లు కాటా ముందు, అంటే తూకం వేసేచోట, గంటలకొద్దీ, ఒక్కోసారి రోజంతా నిలబడతాయి. ట్రాక్టరు మీద కూర్చున్న మనిషికి చేతిలో ఫోను తప్ప వేరే లోకం ఉండదు. రెంజల్ రోడ్డు మీద ఒక్కో లైను మా ఆటను ఎంత ఆడిందంటే, మంజీర అవతల మహారాష్ట్రలో మా పీనుగులు మరాఠీ కూడా నేర్చుకున్నాయని చెప్పుకునేవారు.

అలాంటి ఆటకు రెండో భాగాన్ని మార్గశిరంలో విడుదల చేశాం. కథ రాసింది స్రవంతి. ఆమె హోదా ‘కథా రూపకర్త’. ఇరవై ఏడేళ్ల పిల్ల, సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగింది. చెరుకుతో ఆమెకున్న పరిచయమల్లా రసం బండి దగ్గర, ఐసు ఎక్కువ వేయమని అడిగేంత వరకే.

మొదటి రెండు రోజులు పట్నాల నుంచి పొగడ్తలు కురిశాయి. బొమ్మలు అద్భుతమన్నారు, పీనుగులు భయంకరమన్నారు. ఒకాయన భయంతో అన్నం మానేశానని రాశాడు. ఆయన ఫోటో చూస్తే మంచిపనే జరిగిందనిపించింది. మూడో రోజు నుంచి బోధన్, రెంజల్, చందూర్, నిజాంసాగర్ కాలువ వెంట ఊళ్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కటే స్టార్ ఇవ్వడం మొదలుపెట్టాయి. నాలుగున్నర దగ్గరున్న మా రేటింగు బావిలో బొక్కెన దిగినట్టు దిగింది. వారం తిరిగేసరికి రెండున్నర.

మాకు పెట్టుబడి పెట్టే బెంగళూరు సంస్థ మర్యాదగా ఒక ఉత్తరం పంపింది. నెలాఖరు శనివారం నాటికి రేటింగు నాలుగుకు చేరితే మూడో భాగం మాకే. చేరకపోతే నిజామాబాద్ ఆఫీసు ఎత్తేస్తారు. పదకొండు మందిమి మెట్లు దిగాలి, అదీ పట్టీలు లేకుండా. స్రవంతి ఆ మధ్యాహ్నమే రాజీనామా రాసి ప్రవీణ్ బల్ల మీద పెట్టింది. అతను దాని మీద టీ గ్లాసు పెట్టి, చదవలేదన్నట్టు నటించాడు.

ఇక్కడ నా పని విధానం చెప్పాలి. వచ్చిన ప్రతి అభిప్రాయాన్నీ చదివి నాలుగు డబ్బాల్లో ఒకదాంట్లో వేయాలి. ఆట ఆగిపోయింది, బటన్ పనిచేయలేదు అంటే ‘లోపం’. ముగింపు బాగాలేదంటే ‘కథ’. బాగుందంటే ‘మెప్పు’. ఏమీ వివరించకుండా తిడితే ‘కోపం’. మొదటి మూడు డబ్బాలు సంబంధిత ఉద్యోగులకు వెళ్తాయి. నాలుగోది ఎవరికీ వెళ్లదు. ఆ పద్ధతి పెట్టింది నేనే, పెట్టినందుకు గర్వపడింది కూడా నేనే.

బోధన్ వైపు నుంచి వచ్చినవన్నీ ఇలా ఉండేవి: “మీ చేతులు పడిపోను.” “గిది ఆటనా? మీ ఇంట్ల అగ్గి పెట్టుకోండ్రి.” ‘రెంజల్ పులి’ అనే పేరుతో ఒకాయన రోజూ పొద్దున ఏడింటికి క్రమం తప్పకుండా ఒక తిట్టు మార్చి రాసేవాడు. అన్నిటినీ శ్రద్ధగా ‘కోపం’ డబ్బాలో వేశాను. వారం రోజులు వేశాను. మా ఆఫీసు మునగడానికి నా వాటా అది.

ఎనిమిదో రోజు, వేరే పనేమీ లేక, లాగ్ తెరిచాను. లాగ్ అంటే ఆటగాడు ఏ క్షణాన ఏ బటన్ నొక్కాడో ఆట తనంతట తాను రాసుకునే చిట్టా. బోధన్ వైపు వాళ్లంతా ఒకేచోట చస్తున్నారు. పీనుగుల గుంపు రైతు చెరుకు చేనులో దాక్కుంటుంది. తెర ఆగి రెండు దారులు చూపిస్తుంది: చేనుకు నిప్పు పెట్టు, లేదా పీనుగులకు ఎదురు వెళ్లు. ఎదురు వెళ్తే చావు ఖాయం. అందరూ ఎదురే వెళ్తున్నారు. ‘రెంజల్ పులి’ అప్పటికి ఇరవై మూడుసార్లు ఎదురు వెళ్లాడు.

కొద్దిమంది నిప్పు పెట్టారు. వాళ్ల లాగ్ ఇంకా విచిత్రం. చేను కాలి బూడిదవుతుంది, ‘మీరు ఊరిని కాపాడారు’ అని తెర మీద పడుతుంది, సన్నాయి మోగుతుంది. వీళ్లు ముందుకు పోకుండా, ఆ బూడిదలో నిలబడి అరగంట సేపు కత్తి బటన్ నొక్కుతూనే ఉన్నారు. ఎదురుగా పీనుగు లేదు, పురుగు లేదు. గాలిని నరుకుతున్నారు.

అంతమందికి ఒకేసారి పిచ్చి పట్టదు. మర్నాడు పొద్దున్నే స్రవంతిని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని రెంజల్ రోడ్డు పట్టాను.

లైను కనుచూపు మేర ఉంది. ఇరవై ఏడు ట్రాక్టర్లు లెక్కపెట్టి ఆపేశాను, నాకు అంతకు మించి లెక్కలు సరిపడవు. ఏ ఆఫీసు నుంచి వచ్చామో చెప్పగానే మూడో ట్రాక్టరు మీదున్నాయన ఫోను జేబులో పెట్టుకుని దిగాడు. తలకు రుమాలు, మీసం రెండు వైపులా రెండు అభిప్రాయాలతో ఉంది.

“మీరేనా పీనుగుల ఆఫీసోళ్లు? మంచిగొచ్చిండ్రు. నేనే రెంజల్ పులి.”

అసలు పేరు గంగారాం. వెనక ట్రాక్టరు మీది నుంచి ఎవరో నవ్వారు. “గంగారామన్న ఆ చేన్ల ఇరవై మూడు సార్లు సచ్చిండు మేడం!”

“సచ్చిన. గని అగ్గి వెట్టలే,” అన్నాడాయన వెనక్కి తిరగకుండానే. “ఏడాది పంట అక్కా. బూడిద జేసి, మీదికెళ్లి సన్నాయి ఊదుతరా? ఊరిని కాపాడిననంట! ఊరు ఏం తినాలె, సన్నాయా?”

ఆటలో అది త్యాగమని స్రవంతి నెమ్మదిగా వివరించబోయింది.

“త్యాగం తర్వాత జెప్పు బిడ్డా. ముందుగాల చెరుకు గట్ల కాలుతదని ఎవలు జెప్పిండ్రు? గడ్డివామనుకున్నవా? ఆకు కాలుతది, గడ నల్లగ నిలవడుతది.”

“మరి కాలిన గడను ఏం చేస్తారు?” అని అడిగింది స్రవంతి.

అన్నం వండాక ఏం చేస్తారని అడిగితే ఎలా చూస్తారో అలా చూశారందరూ.

గంగారాం చెప్పింది నా మాటల్లో: చెరుకు రైతు తన ఇష్టం వచ్చిననాడు చేను నరకడానికి లేదు. మిల్లు వరుస ప్రకారం కటింగ్ ఆర్డరు ఇస్తుంది, అది వచ్చాకే కత్తి పట్టాలి. చేను కాలితే మాత్రం వరుస దాటించి మర్నాడే ఆర్డరు ఇస్తారు. ఎందుకంటే కాలిన గడలో రసం మూడు రోజుల్లో పులిసిపోతుంది. ఈలోపు నరికి, కట్టలు కట్టి, లోడు చేసి, కాటా ఎక్కించాలి. బూడిదలో నిలబడి గాలిని నరికినవాళ్లు చేసింది అదే. ఆటలో గడ లేకపోయినా అలవాటు కొద్దీ కోతకు దిగారు.

“మరి త్వరగా ఆర్డరు వస్తుందని ఎవరైనా తమ చేనుకు తామే నిప్పు పెట్టుకోరా?” అన్నాను. నేను పద్దెనిమిదేళ్లు బ్యాంకుల దగ్గర పనిచేసినదాన్ని.

లైను మొత్తం ఒక మనిషిలా దగ్గింది. ఇద్దరు ముగ్గురు ఆకాశం వైపు చూశారు.

“వెట్టుకునేటోళ్లు వెట్టుకుంటరు,” అన్నాడు గంగారాం. “గని అక్కా, అగ్గి దానంతలది అంటుకుంటె ఊరంత కత్తులు వట్టుకొని ఉరికొస్తది. లైను దాటుదామని నువ్వే వెట్టుకున్నవనుకో, ఒక్కడు రాడు. మూడొద్దులు నువ్వొక్కనివే నరుక్కో.”

“ఎవరు పెట్టారో ఊరికి ఎలా తెలుస్తుంది?” స్రవంతి అప్పటికే రాసుకుంటోంది.

“తెలుస్తదా అంటవేంది! అగ్గి అంటక ముందుగాల్నే చేన్లకెళ్లి నీళ్ల పైపులు తీసి గట్టు మీద వెట్టుకున్నవా, లేదా? తీసి వెట్టుకుంటె అగ్గి నువ్వు వెట్టినట్టే. గంతే ముచ్చట.”

“బరోబర్,” అన్నాడు పక్కనున్న మహారాష్ట్ర డ్రైవరు. ఆయనకు మిగతాదేమీ అర్థం కాలేదని తర్వాత తెలిసింది.

ఆఫీసుకు రాగానే స్రవంతి ప్రవీణ్ బల్ల మీంచి టీ గ్లాసు తీసి, రాజీనామాను వెనక్కి తిప్పి, దాని వెనకే కొత్త కొమ్మ రాయడం మొదలుపెట్టింది. ఎనిమిది రోజుల్లో ప్యాచ్ తయారైంది. ప్యాచ్ అంటే విడుదలైన ఆటకు వేసే మాసిక. ఇప్పుడు చేను కాలితే గడ నల్లగా నిలబడుతుంది. ఆటలో మూడు రోజుల గడువు, మర్నాడే కటింగ్ ఆర్డరు. ఒకవైపు పీనుగులు, ఒకవైపు పులుస్తున్న రసం. నిప్పు పెట్టకముందు చేనులో పైపులు కనిపిస్తాయి. వాటిని తీసి గట్టు మీద పెట్టుకునే బటన్ కూడా ఉంటుంది. ఏ హెచ్చరికా ఉండదు. పైపులు కాలనిచ్చిన ఆటగాడికి ఊరంతా కత్తులతో వస్తుంది. దాచుకున్నవాడు ఒంటరిగా నరుక్కుంటాడు, వెనక పీనుగులు, అంతకన్నా ఘోరంగా, పొరుగువాళ్ల చూపులు.

పట్నం ఆటగాళ్లు నూటికి తొంభై మంది పైపులు దాచుకున్నారు. ఎవరూ సాయానికి రాలేదేమని మాకు రాశారు. బోధన్ వాళ్లు వాళ్లకు జవాబులు రాశారు. ఆ జవాబులను నేను ఇక్కడ రాయలేను.

రేటింగు ఎక్కింది. మూడు, మూడున్నర, మూడు పాయింట్ తొమ్మిది. అక్కడ మొండి ఎద్దులా నిలబడింది. శుక్రవారం వచ్చేసింది, గడువుకు ఒక్కరోజు. గంగారాం తన ఒక్క స్టారు మార్చలేదు. ఆయన మార్చందే వెనకున్న లైను మార్చదు. పొద్దున్నే మళ్లీ స్కూటీ తీశాం.

“చెరుకు మంచిగైంది,” అని ఒప్పుకున్నాడు గంగారాం. “పీనుగులే తమాష గున్నయ్. పొద్దంత చెరుకు తోటల తిరుగుతయ్, ఒంటి మీద ఒక్క గీత లేదు. ఆకు కొయ్యదా?”

“ఆకు కోస్తుందా?” అంది స్రవంతి.

ఆయన రోడ్డు పక్క చేను వైపు చెయ్యి చూపించాడు. స్రవంతి పొట్టి చేతుల టీషర్టుతో లోపలికి యాభై అడుగులు నడిచి, యాభై అడుగులు వెనక్కి వచ్చింది. మోచేతి నుంచి మణికట్టు దాకా సన్నని ఎర్రగీతలు, కొత్త బ్లేడుతో గీసినట్టు. లైనులోంచి ఒకావిడ పసుపు తెచ్చి ఇచ్చింది. స్రవంతి ముందు ఫోటోలు తీయించుకుని, తర్వాత రాసుకుంది.

మధ్యాహ్నానికి ఆ గీతలన్నీ పీనుగుల చేతుల మీదికి ఎక్కాయి. సాయంత్రానికి అవి అందరి ఫోన్లకూ చేరాయి. ఈనాటికీ ‘శవాల షిఫ్టు’లో చెరుకు చేనులోంచి వచ్చే ప్రతి పీనుగుకూ ఉన్నవి స్రవంతి గీతలే. వాటి హక్కులు మాత్రం కంపెనీవి.

శనివారం పదకొండు గంటలకు రేటింగు నాలుగు చూపించింది. గంగారాం నాలుగు స్టార్లిచ్చి ఇలా రాశాడు: “చెరుకు నిలవడ్డది. పీనుగులకు ఆకు కోసింది. ఒక స్టారు నా కాడనే ఉంచుకున్న. మూడోది ఎట్ల తీస్తరో సూస్త.” ప్రవీణ్ ఆ అభిప్రాయాన్ని అచ్చు వేయించి గోడకు పెట్టాడు. రాజీనామా వెనక రాసిన కొమ్మను ఫైల్లో పెట్టాడు. ముందు వైపు ఏముందో తనకు తెలియదని ఇప్పటికీ అంటాడు.

మూడో భాగం పని మొదలయ్యాక కొన్నాళ్లకు, యాభై రెండో ఏట, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. ఆ కంపెనీలో రిటైరైన మొదటి మనిషిని నేనే కావడంతో ఏమివ్వాలో తెలియక ఒక శాలువా, ఒక మౌసు ఇచ్చారు. వెళ్లేముందు నా తర్వాత రాబోయే విభాగాధిపతికి అప్పగింత కాగితం రాశాను. అందులో రెండే అంశాలు ఉన్నాయి.

ఒకటి: ‘కోపం’ డబ్బాను రద్దు చేశాను, మళ్లీ తెరవవద్దు. తిట్టిన మనిషి చివరగా ఏ బటన్ ఎంతసేపు నొక్కాడో లాగ్‌లో చూసిన తర్వాతే అతని మాట ఏ డబ్బాలోదో నిర్ణయించాలి.

రెండు: కుర్చీ నాలుగో చక్రం ఇంకా సెలవులోనే ఉంది. ఎడమవైపు వాలకూడదు.